మంగళవారం వాడి కాలికి కాపలా

నేను ఒక నీళ్ల గొట్టం ముక్కను. జానెడు పొడవు, అరచెయ్యంత వెడల్పు, బూడిద రంగు. నన్ను చూసి ముచ్చటపడ్డవాళ్లు ఈ భూమ్మీద ముగ్గురో నలుగురో ఉంటారు. అయినా గర్వంగానే చెబుతున్నాను, పదకొండేళ్ల పాటు ఒక ఫుట్‌బాల్ ఆటగాడి ఎడమ కాలి ఎముకకు కాపలా కాశాను. ఆ కాలు మూడు దేశాల మైదానాల్లో పరిగెత్తింది. అది బంతిని తన్నిందంటే ముందు వేలమంది ఊపిరి బిగబట్టేవారు, ఆ తర్వాత స్టేడియం కప్పు లేచిపోయేలా అరిచేవారు. అలాంటి కాలిని కరుచుకుని బతికే యోగం గొట్టం జాతిలో నాకూ, కుడికాలి మీద ఉండే నా జంటకూ తప్ప ఎవరికీ పట్టి ఉండదు.

మాది ఘనా. పశ్చిమ ఆఫ్రికాలో సముద్రం ఒడ్డున ఉన్న దేశం. అందులో కుమాసి అనే పెద్ద పట్నంలో యావ్ డువా అని ఒక ప్లంబరు ఉండేవాడు. ఒక హోటలుకు నాలుగంగుళాల గొట్టాలు వేసి, మిగిలిపోయిన మూరెడు ముక్కను ఇంటికి తెచ్చి గోడకు ఆనించాడు. ఆ ముక్కే నేను. హోటలు వాళ్లు ఇంకో గది కట్టుకుని ఉంటే నేనూ ఏ గోడలోనో కూరుకుపోయి యాభై ఏళ్లు మురుగునీళ్లు మోసేదాన్ని. ఇంతలో యావ్ చెల్లెలు అఫియా కొడుకు క్వాబెనా అద్దాయ్, పదిహేడేళ్లవాడు, కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. మోకాటికీ చీలమండకూ మధ్య, కాలి ముందువైపు చర్మం చీరుకుపోయి ఎముక తెల్లగా కనిపిస్తోంది. మేజోళ్లలో అట్టముక్కలు దోపుకుని ఆడేవాడట. వానకు అట్ట నానిపోయింది. ఎదుటివాడి బూటు ఎముకనే వెతుక్కుంది.

"ఎముక విరిగితే ఏ దుకాణంలో కొనుక్కొస్తాన్రా కొత్తది?" అని మేనమామ కసిరాడు. కసురుతూనే రంపం తీశాడు. జానెడుకు కోసి నిలువునా రెండుగా చీల్చి, ఒక సగం కుడికాలికని పక్కన పెట్టి, నన్ను కుంపటి సెగ మీద మెత్తబరిచి, తడిగుడ్డ వేసిన ఆ పిల్లాడి కాలి మీదే అదిమి పట్టుకున్నాడు. వాడు కెవ్వుమన్నాడు. మామ చెయ్యి తియ్యలేదు. చల్లారేసరికి ఆ ఎముక వంపు నా ఒంటికి అచ్చుపడింది. అరిగిన రబ్బరు చెప్పు కోసి లోపల అతికించాడు. మీ దర్జీలు మనిషి ఎదురుగా ఉన్నా వదులుగానే కుడతారని విన్నాను. నన్ను మాత్రం ఇంకో కాలికి పట్టకుండా కొలతకు పుట్టించారు.

మొదటిసారి ఆటకు వెళ్లిన రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. గొట్టానికి తెలిసింది నీళ్ల వేగం. రక్తం వేగం నాకేం తెలుసు? ఆ ఎముక పక్కన నెత్తురు డప్పు కొట్టినట్టు కొట్టుకుంటోంది. వాడు బంతి వైపు కదిలాడు. పిక్క బిగిసింది, మడమ లేచింది, ఆ తర్వాత ఒక్క క్షణం పాటు భూమి లేదు. నాకు తెలిసిన లోకమంతా ఆ క్షణంలో తప్పుకుని దారిచ్చింది. మనుషులు గుళ్లకూ కొండలకూ చేతులెత్తి మొక్కుతారు. వాళ్ల మోకాలి కింద ఉన్నదాన్ని చూసి ఒక్కడూ మొక్కడేం?

ఇక్కడ వాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. ఆ జాతివాళ్లను అకాన్లు అంటారు. మీకు పుట్టిన నక్షత్రం ఎంతో, వాళ్లకు పుట్టిన వారం అంతకు పదింతలు. బిడ్డ ఏ వారం పుడితే ఆ వారమే పేరు. మంగళవారం పుట్టిన మగపిల్లాడు క్వాబెనా, గురువారం పుడితే యావ్. గురువారం పుట్టింది ఆడపిల్లైతే యా. తల్లిదండ్రులు ఇంకో పేరు ఎంత ముద్దుగా పెట్టుకున్నా ఈ పేరు పోదు. బిడ్డ ఆత్మ ఆ వారం నాడే లోకంలోకి దిగిందని వాళ్ల నమ్మకం. ఇంకో సంగతి, వాళ్లలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. తండ్రి మాట కంటే మేనమామ మాటకు బరువెక్కువ. మేనమామ ఊ అంటే ఊ, ఉహూ అంటే ఉహూ.

మూడేళ్లు గడిచాయి. క్వాబెనా ఎడమ కాలి సంగతి కుమాసి దాటి పాకింది. అప్పుడు ఆటగాళ్లను విదేశీ క్లబ్బులకు పంపే ఆడ్జే అనే ఏజెంటు ఇస్త్రీ చొక్కా నలక్కుండా యావ్ ఇంటి వసారాలో వచ్చి కూర్చున్నాడు. క్వాబెనా అప్పుడే మైదానం నుంచి వచ్చాడు, నేనింకా కాలి మీదే ఉన్నాను. అంచేత ప్రతి మాటా విన్నాను.

"యూరప్ వాళ్లు ఇరవయ్యేళ్లవాణ్ణి కన్నెత్తి చూడరండీ. పద్దెనిమిదంటే పరిగెత్తుకొస్తారు" అన్నాడు ఆడ్జే.

అఫియా అడ్డొచ్చింది. "మావాడి పేరు జోలికి మాత్రం వెళ్లకు బాబూ. మంగళవారం పుట్టాడు. ఆ పేరు నేను పెట్టింది కాదు, దేవుడు పెట్టాడు."

"అయ్యో తల్లీ, పేరెవడు ముట్టుకుంటాడు? తారీఖు కూడా ముట్టుకోం. మే నెల పద్నాలుగే. తొంభై ఆరు ఉన్నచోట తొంభై ఎనిమిది అని రాస్తాం. ఒక్క అంకె."

ఒక్క అంకె! అఫియా శాంతించింది. అబద్ధాన్ని వీలైనంత చిన్నది చేశామని అందరూ తృప్తిపడ్డారు. మర్నాడు యావ్ కోర్టుకు వెళ్లి, నా మేనల్లుడు ఫలానా రోజున పుట్టాడని చెయ్యెత్తి ప్రమాణం చేసి వచ్చాడు. పుట్టిన వారాన్ని ప్రాణంలా చూసుకునే జనం, ఆ మే పద్నాలుగు ఏ వారం పడిందో ఒక పాత క్యాలెండరు తిప్పి చూడలేదు. తొంభై ఆరులో అది మంగళవారం. తొంభై ఎనిమిదిలో గురువారం. ఆ కాగితం లెక్కన మంగళవారం పేరు పెట్టుకున్న గురువారం పిల్లాడు ఒకడు పుట్టాడు. ఆ ప్రమాణం చేసినాయన స్వయంగా గురువారం వాడు. తలుపులకు తాళాలన్నీ వేసి కిటికీ బార్లా తెరిచి పడుకోవడం మనుషులకే చెల్లింది.

ఆ కాగితం పట్టుకుని డెన్మార్కులో ఒక క్లబ్బుకు చేరాం. అక్కడ నాకు మొదట తెలిసింది చలి. నేను బిర్రబిగుసుకుపోయి రాయినయ్యాను. ఆ రాయి కింద ఆ ఎముక మాత్రం వెచ్చగానే ఉంది. తెల్లటి మంచు మీద ఎర్ర బంతితో ఆడేవారట. క్వాబెనా మొదటి నెల ఏడ్చాడు, రెండో నెల అలవాటుపడ్డాడు, మూడో నెల గోల్ కొట్టాడు. నాలుగేళ్లు అక్కడ. ఎందరి బూట్లు నా మీద పడ్డాయో! ఒక్కో దెబ్బా ఆ ఎముక కోసం వచ్చేది, నేను మధ్యలో అందుకునేదాన్ని. రాత్రి స్నానం చేశాక వాడు నన్ను బొటనవేలితో తడిమి, కొత్త గీత ఎక్కడ పడిందో చూసుకునేవాడు. వాడికి నా మీద ఉన్నది ప్రేమేనని నేను నమ్ముతాను. వాడంటే నాకున్నది మాత్రం భక్తి.

తర్వాత బెల్జియంలో పెద్ద క్లబ్బు. అక్కడ ఆటగాళ్ల సరంజామా చూసే యోస్ అనే ముసలాయన నన్ను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని "ఇదేంటోయ్, పాయిఖానా గొట్టమా?" అన్నాడు. గదంతా నవ్వు. క్వాబెనా కూడా నవ్వాడు. "అవునండీ, మా మామ చేశాడు" అన్నాడు. యోస్ వాడికి కంపెనీలో తయారైన కొత్త కవచాల జత ఇచ్చి, నన్ను బల్ల మీద పెట్టి కొయ్యసుత్తితో మూడు దెబ్బలు వేశాడు. నేను చలించలేదు. సరదా పుట్టి కంపెనీ దాన్ని కూడా కొట్టాడు. అది రెండో దెబ్బకు టప్పుమని చీలింది. ముసలాయన ఆ ముక్కలు చెత్తబుట్టలో పడేసి, నన్ను తిరిగి క్వాబెనా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

ఆ క్లబ్బులో మూడేళ్లు వాడు ఆడిన ఆట గురించి చెప్పాలంటే నా దగ్గర మాటలు లేవు. ఇరవై వేలమంది నిశ్శబ్దంగా ఉంటే ఎలా ఉంటుందో మీరెప్పుడైనా విన్నారా? ఫ్రీ కిక్ కోసం వాడు బంతిని గడ్డి మీద పెట్టి మూడడుగులు వెనక్కి వేసేవాడు. ఆ మూడడుగుల నిశ్శబ్దంలో నాకు వాడి నరం ఒక్కటే వినిపించేది. పరిగెత్తి తన్నేవాడు. బంతి ఎక్కడికి పోయిందో నేను జనం గొంతును బట్టి పోల్చుకునేదాన్ని. ఆ గొంతు పైకి లేచినప్పుడల్లా, ఒక ప్లంబరు చెల్లెలి కొడుకు ఇంతమందిని ఎలా ఊపేస్తున్నాడా అని విస్తుపోయేదాన్ని. ఇన్నేళ్లైనా అది పాతబడలేదు.

మూడో ఏడు జర్మనీలో మొదటి వరస క్లబ్బు ఒకటి వాడిని అడిగింది. చిన్నప్పుడు మేనమామ ఇంట్లో నలుపు తెలుపు టీవీలో చూసి కలలుగన్న లీగు. జులైలో సంతకాలు. అంతకు ముందు, పుట్టిన తేదీ నిజమని స్వహస్తంతో ఒక పత్రం మీద సంతకం పెట్టి పంపమన్నారు.

ఆ కాగితం వచ్చిన వారమే మే పద్నాలుగు. సాధన అయ్యాక డ్రెస్సింగ్ రూములో కేకు తెచ్చారు, దాని మీద ఇరవై అయిదు అని క్రీముతో రాసి ఉంది. నిజానికి వాడికి ఇరవై ఏడు నిండాయి. అందరూ పాడారు, తిన్నారు, వెళ్లిపోయారు. తలుపు దగ్గర బట్టల బుట్టతో ఒకావిడ నిలబడి ఉంది. పేరు ఎసీ. ఘనా మనిషే. పాతికేళ్లుగా బెల్జియంలో ఉంటోంది, క్లబ్బు లాండ్రీలో ఆ ఏడాదే చేరింది.

"నాయనా, నీదే సంవత్సరం?" అని వాళ్ల భాషలో అడిగింది.

"తొంభై ఎనిమిది, ఆంటీ."

"మా పెద్దపిల్లదీ అదే రోజు, అదే సంవత్సరం. గురువారం సంతకెళ్లిన మా అత్త ఇంకా ఇల్లు చేరకముందే కాన్పైపోయింది. అందుకే దానికి యా అని పేరు." ఆవిడ బుట్ట కింద పెట్టింది. "మరి నువ్వు మంగళవారం వాడివెట్లా అయ్యావురా?"

నా కింద ఉన్న కాలు చల్లబడిపోయింది. డెన్మార్కు మంచులో కూడా చల్లబడని కాలు అది. ఏడేళ్లుగా డాక్టర్లు, ఆఫీసర్లు, వకీళ్లు తిరగేసిన కాగితంలో ఎవరికీ దొరకనిది ఒక చాకలి పనిమనిషికి ఒక్క పేరుతో దొరికింది.

వాడు అబద్ధమాడబోయి ఆగాడు. తల దించుకున్నాడు. ఎసీ వాడి పక్కన కూర్చుంది.

"నేనెవరికీ చెప్పన్లే. చెప్పి నీ కూడు చెడగొట్టే దాన్ని కాదు. ఒక్క మాట విను. నీ ఆత్మ మంగళవారం నాడు నిన్ను వెతుక్కుంటూ వస్తుంది. నువ్వేమో గురువారం ఇంట్లో కూర్చున్నావు. పాపం, అది ఎన్నాళ్లని తలుపు కొడుతుంది?"

ఆవిడ వెళ్లిపోయింది. జర్మనీకి సంతకం పెడితే చాలు, క్వాబెనా జీవితం గట్టెక్కుతుంది. పెట్టకపోతే కారణం చెప్పాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కిననాడు ఆ కాలు వాడిదే అయినా తొక్కించింది పెద్దలు. కడుక్కోవాల్సింది మాత్రం వాడు. పైగా వాడు నోరు విప్పితే అక్కడ ప్రమాణం చేసిన మేనమామ మెడకు చుట్టుకుంటుంది. ఆయన అనుమతి లేకుండా ఆయన మాట తీసెయ్యడం వాళ్లలో కన్నతల్లిని కొట్టడంతో సమానం.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం సాధన ముగిశాక, అదే బల్ల మీద కూర్చుని ఫోన్ చేశాడు. అవతల సుత్తి చప్పుడు వినిపిస్తోంది. యావ్ పనిలో ఉన్నాడు.

"మామా, ఆ పుట్టిన తేదీ సంగతి చెప్పేద్దామనుకుంటున్నాను. నువ్వు వద్దంటే చెప్పను."

సుత్తి ఆగింది. "చెబితే నాకేమవుతుంది?"

"జైల్లో పెట్టినా పెట్టొచ్చు."

"నీకో?"

"ఏడాదో రెండేళ్లో ఆడనివ్వరు. జర్మనీ ఇంక లేనట్టే."

"మరెందుకురా ఈ పీకులాట? ఏడేళ్లు ఎవడూ అడగలేదు కదా!"

"కేకు కోస్తుంటే వేరే ఎవడి కేకో నేను కోస్తున్నట్టుంటుంది మామా. గోల్ కొట్టినప్పుడు అరుస్తారు చూడు, అది కూడా నన్ను చూసేనా అనిపిస్తుంది."

అవతల నుంచి ఎంతసేపటికీ మాట లేదు. పిక్కలో నరం గిలగిలలాడటం నాకు తెలుస్తూనే ఉంది. ఇరవై వేలమంది నిశ్శబ్దం ఈ ఒక్క మనిషి నిశ్శబ్దం ముందు చాలా తేలిక అనిపించింది.

"ఒరేయ్ క్వాబెనా," అన్నాడు యావ్ చివరికి. "నేను వేసిన పైపు కారితే ఇంకో ప్లంబర్ని చెయ్యి పెట్టనివ్వను. నేనే వెళ్తాను, నేనే విప్పుతాను. ఇదీ అంతే. నువ్వక్కడ చెప్పు, నేనిక్కడ చెబుతాను. ఒకటే రోజు చెబుదాం. నువ్వు ఒక్కడివే చెప్పావన్న మాట రాకూడదు."

క్వాబెనా ఫోన్ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు కన్నీళ్లు లేవు కాబట్టి బతికిపోయాను.

ఇద్దరూ నిజం చెప్పిన రోజు మంగళవారం అయి ఉంటే కథకు బాగుండేది. అది సోమవారం. క్వాబెనా క్లబ్బు ఆఫీసులో చెప్పాడు, అదే పొద్దున యావ్ డువా శుభ్రమైన చొక్కా తొడుక్కుని, ఏడేళ్ల కిందట ప్రమాణం చేసిన కోర్టుకే వెళ్లి చెప్పాడు. నిన్నెవరైనా పట్టుకున్నారా అని జడ్జి అడిగాడట. లేదన్నాడట. మరెందుకొచ్చావంటే, "పని సరిగ్గా కుదరలేదండి, సరిచేద్దామని" అన్నాడట. మూడు నెలలు జైలు పడింది. జైల్లో మూడో వారానికే అక్కడి కొళాయిలన్నీ కారడం మానేశాయని తర్వాత విన్నాను. ఇస్త్రీ చొక్కా ఆడ్జే ఫోను ఆ రోజు నుంచి మోగలేదు.

ఇక్కడ గోరుచుట్టు మీద రోకటిపోటు. ఫుట్‌బాల్ సంఘం ఏడాది నిషేధం వేసింది. జర్మనీవాళ్లు తప్పుకున్నారు. ఉన్న క్లబ్బు ఒప్పందం చింపేసింది. నిన్నటిదాకా పేరు పెట్టి పాడినవాళ్లే గేటు దగ్గర "ముసలోడా" అని అరిచారు. ఒక్క మాటతో వాడికి రెండేళ్ల వయసు పెరిగింది. ఎముకకు మాత్రం ఆ కబురు అందలేదు, అది ఎప్పటిలాగే ఉంది.

కుమాసి వెళ్లిపోయాం. జైలు తలుపు తెరిచిన పూట క్వాబెనా బయట నిలబడి ఉన్నాడు. నేను వాడి సంచిలో ఉన్నాను. మామా అల్లుళ్లు ఏం మాట్లాడుకుంటారా అని చెవులు రిక్కించాను. "తిన్నావా?" అని ఒకరు, "చిక్కిపోయావు" అని ఇంకొకరు. అంతే. ఆ ఏడాదంతా క్వాబెనా పొద్దున్నే పరుగు తీసి వచ్చి, పగలంతా మామ వెనకాల గొట్టాలు మోశాడు. ఒకప్పుడు వేలమంది చప్పట్లు కొట్టిన కాలు, నిచ్చెన మెట్ల మీద నిలబడి ఎవరింటి కొళాయి కోసమో బరువు మోసేది. ఒక్కసారైనా విసుక్కున్నట్టు నాకు తెలియలేదు. రాత్రి పక్క మీద వాలగానే నిద్రపోయేవాడు. ఏడేళ్లలో అలా నిద్రపోవడం నేనెరగను.

నిషేధం తీరింది. ఇరవై ఎనిమిదేళ్లవాడిని, పైగా పేరుకు మచ్చపడ్డవాడిని ఎవరు పిలుస్తారు? పిలిచింది యోస్. ముసలాయన తన సొంతూరి చిన్న క్లబ్బుకు మారిపోయాడట. రెండో అంచె లీగులో అట్టడుగున ఉన్న జట్టు. కోచ్‌ను కూర్చోబెట్టి చెప్పాడట, "దొరికిపోయినవాళ్లను నేను వందమందిని చూశాను. దొరక్కుండానే వచ్చి చెప్పినవాడు వీడొక్కడే" అని.

మొదటి ఆట అక్టోబరులో, శనివారం మధ్యాహ్నం. చిన్న మైదానం, రెండు వేలమంది కూడా లేరు. ఎసీ ఆంటీ రెండు రైళ్లు మారి వచ్చింది, గీత పక్కన యోస్ చూపించిన బల్ల మీద కూర్చుంది. అరగంట గడిచింది. అవతలి జట్టు డిఫెండరొకడు, పట్టుమని ఇరవై ఉండవు, బంతి దొరక్క కాలినే అందుకున్నాడు. అలాంటి దెబ్బ నేను పదకొండేళ్లలో తినలేదు. నాలో ఏదో ఫెళ్లుమంది. పైనుంచి కిందిదాకా నిలువునా చీలిపోయాను.

క్వాబెనా పడిపోయాడు. నేను ప్రాణాలు ఉగ్గబట్టి ఆ ఎముకను వెతుక్కున్నాను. అది నిలిచే ఉంది.

వాడు లేచాడు. విరిగినవాటితో ఆడితే రిఫరీ ఒప్పుకోడు కాబట్టి నా రెండు ముక్కలూ మేజోడులోంచి తీసి, యోస్ అందించిన కొత్తది దోపుకున్నాడు. నన్ను ఒక్కసారి అరచేతిలో బిగించి పట్టుకున్నాడు. గీత అవతల ఉన్న ఎసీకి ఇచ్చి మైదానంలోకి పరిగెత్తాడు. ఎసీ నన్ను ఒళ్లో పెట్టుకుంది. కుమాసికి ఫోన్ కలిపి, బొమ్మ కనిపించేలా తిప్పింది. యావ్ ముఖం కనిపించింది, జుట్టు బాగా నెరిసింది.

"అన్నయ్యా, నీ చేతిపని విరిగిపోయింది" అందామె, నన్ను చూపిస్తూ.

"అది పోతే పోనీ అమ్మా. కాలు? కాలికేం కాలేదు కదా?"

"చూడు, ఎట్లా పరిగెడుతున్నాడో!" ఫోను మైదానం వైపు తిప్పింది.

ఆయన ఏడుస్తున్నాడని ముక్కు చీదుకోవడం వల్ల తెలిసింది. మైకులో ఎవరో అంటున్నారు, పదకొండో నంబరు, క్వాబెనా అద్దాయ్, ఇరవై ఎనిమిదేళ్లు.

ఇన్నేళ్లూ నేను మేజోడు లోపలే ఉన్నాను. చీకట్లో నరాన్ని వింటూ, జనాన్ని వింటూ ఆడాను. వాడు ఆడటం చూడటం నాకదే మొదలు. ఎంత పొడుగరి! బంతి వైపు వెళుతూ తల కాస్త పక్కకు వంచుతాడని నాకు ఎవరూ చెప్పలేదు. తన్నేముందు నవ్వుతాడని కూడా చెప్పలేదు. ముగ్గురు ఎదురొచ్చారు. వాడు ఎడమ కాలు బంతి మీద పెట్టి ఒక్క లిప్తపాటు ఆగాడు, తర్వాత ఆ ముగ్గురి మధ్యలోంచి తన ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినట్టు వెళ్లిపోయాడు. ఇంత వెలుగును ఇన్నాళ్లు నేను ముట్టుకుని ఉన్నానా అనిపించింది. సంతోషం పట్టలేక నా రెండు ముక్కలూ ఎసీ ఒళ్లో ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. ఆవిడ కూడా కూర్చున్నచోటే ఎగిరింది కాబోలు.

ఆట అయ్యాక ఎసీ లేచిన హడావిడిలో ఒళ్లోంచి జారి, ఊడ్చేవాళ్ల చీపురుకు దొరికాను. ఇప్పుడు ఆ మైదానం వెనక ప్లాస్టిక్ తుక్కు వేసే సంచిలో, నీళ్ల సీసాల మధ్య పడి ఉన్నాను. ఆ రోజు వాళ్ల జట్టు మూడు గోల్స్ తేడాతో ఓడిపోయిందని ఊడ్చేవాళ్లు మాట్లాడుకుంటుంటే తెలిసింది. ఎప్పుడు ఓడిపోయారో ఏమో, నేను గమనించలేదు. నేను వాడినే చూస్తున్నాను.